టోకెనమ్మ వంతు

ఆవిడకి అమ్మానాన్నా పెట్టిన పేరు ఒకటుంది. అది జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. వీధి వీధంతా ఆవిడని టోకెనమ్మ అనే పిలుస్తుంది. డాక్టరుగారి క్లినిక్కు ముందు గదిలో, అద్దం బిగించిన కౌంటరు వెనక, నెంబర్లు వేసిన గుండ్రటి ప్లాస్టిక్ బిళ్లలు ముందేసుకుని ఇరవై రెండేళ్లుగా కూర్చుంటోంది. భర్త పోయిన ఏడాది, ఆరేళ్ల కూతురి చెయ్యి పట్టుకుని ఈ ఉద్యోగంలో చేరింది. అప్పట్నుంచి క్లినిక్కు గోడలకి మూడుసార్లు రంగులు మారాయి. డాక్టరుగారి జుట్టు ముందు తెల్లబడింది, తర్వాత మాయమైంది. టోకెనమ్మ మాత్రం చెక్కు చెదరలేదు.

మనిషి మంచిదా అంటే, మంచిదే. పని వచ్చా అంటే, గుమ్మంలో దగ్గు వినగానే అది గొంతుదో గుండెదో చెప్పేయగలదు. చెప్పదు, అంత మర్యాద తెలుసు. ఒక్కటే లోపం. ఆవిడ నోట ‘లేదు’ అన్న మాట రాదు. ఎవరైనా కౌంటరు మీద మోచేతులు ఆనించి, మొహం కాస్త దీనంగా పెట్టి “అమ్మా, కొంచెం చూడండమ్మా” అన్నారా, ఇక అంతే సంగతులు. ముప్పయ్యో నెంబరు వాడికి పదో నెంబరు దొరుకుతుంది. పదో నెంబరు వాడు ఒంటికాలి మీద లేస్తే అతనికి ఇంకేదో దొరుకుతుంది. దీన్ని జాలిగుండె అనేవాళ్లు అంటారు. నన్నడిగితే మాత్రం ఇది వట్టి మొహమాటం. జాలి ఎదుటివాడి అవసరం చూస్తుంది. మొహమాటం ఎదుటివాడు మనల్ని ఏమనుకుంటాడోనని వాడి మొహం చూస్తుంది. టోకెనమ్మ ఇరవై రెండేళ్లుగా మొహాలే చూస్తూ వచ్చింది.

ఏటా చలి మొదలయ్యే ముందు క్లినిక్కుకి ఫ్లూ టీకాలు వస్తాయి. ఐసు పెట్టెలో వచ్చి, కౌంటరు వెనకున్న చిన్న ఫ్రిజ్జులోకి చేరతాయి. ముసలివాళ్లు, ఆయాసం ఉన్నవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు వరస కడతారు. టోకెనమ్మ చీటీ రాస్తుంది. లోపల నర్సు చీటీ చూసి టీకా వేస్తుంది. సాయంత్రం ఆ చీటీలన్నీ టోకెనమ్మే రిజిస్టరులో ఎక్కిస్తుంది. అంటే చీటీ రాసేదీ తనే, ఎక్కించేదీ తనే. తంటా అంతా అక్కడే వచ్చింది.

డాక్టరుగారికి ఒక నియమం ఉంది. వచ్చినవాటిలో మూడు డోసులు పక్కన పెట్టాలి. ఒకటి తనకి, ఒకటి నర్సుకి, ఒకటి టోకెనమ్మకి. “దగ్గేవాళ్ల మధ్య కూర్చునేవాళ్లం, ముందు మనం వేయించుకోవాలి” అంటారాయన. ఆయనా నర్సూ మొదటిరోజే వేయించుకుంటారు. టోకెనమ్మ “నాకేం తొందర, ఆఖర్న చూద్దాం” అంటుంది. ఆఖరి రోజున ఆఖరి మనిషి ఎవరో ఒకరు రొప్పుకుంటూ రానే వస్తారు.

పదేళ్ల కిందట మొదటిసారి అలా వచ్చింది ఒక కుట్టుపని ఆవిడ. రెండు బస్సులు మారి వచ్చానంది. ఫ్రిజ్జులో ఉన్నది ఒకే ఒక్క డోసు, టోకెనమ్మది. ‘అయిపోయాయండీ’ అంటే సరిపోయేది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చి వెనక్కి వెళ్లింది, చెయ్యి మాత్రం ముందుకెళ్లి చీటీ రాసేసింది. సాయంత్రం రిజిస్టరులో ఆ డోసుకి ఎదురుగా తన పేరు రాసుకుంది. నర్సు “అక్కా, నీకు వెయ్యనా?” అని అడిగితే “పొద్దున్నే డాక్టరుగారు వేశారుగా” అంది. డాక్టరుగారు అడిగితే “మన నర్సమ్మ వేసిందండీ” అంది. వాళ్లిద్దరూ ఒకరినొకరు ఒక్కసారి అడిగి ఉంటే ఆ రోజే బండారం బయటపడేది. అడగలేదు. ఆ ఏడు గడిచిపోయింది. మరుసటి ఏడు ఇంకొకరు రొప్పుకుంటూ వచ్చారు.

అలా పదకొండేళ్లు. మధ్యలో మూడుసార్లు జ్వరం తగులుకుని, ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని వణికింది కూడా. “టీకా వేయించుకున్నాను కాబట్టి ఈమాత్రంతో పోయింది” అని అందరికీ చెప్పుకుంది. చెప్పగా చెప్పగా తనే నమ్మే స్థితికి వచ్చింది.

ఈ ఏడు ఆ డోసు ఫోటో స్టూడియో ఆయనకి వెళ్లింది. పాపం, దీనంగా మొహం కూడా పెట్టలేదాయన. ఆఖరి తేదీ బోర్డు మీద ఇంత చిన్న అక్షరాలతో రాస్తారా అని అరగంట దెబ్బలాడాడు. ఆ నోరు మూయించడానికి టోకెనమ్మ చీటీ రాసిచ్చింది. ఆయన కనీసం ‘థాంక్స్’ కూడా చెప్పకుండా చక్కా పోయాడు.

సరిగ్గా మూడు వారాలకి కూతురు నెలన్నర ముందే ప్రసవించింది. ఆడపిల్ల. రెండు కిలోలకి తక్కువ. పన్నెండు రోజులు ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉంచారు. టోకెనమ్మ రోజూ క్లినిక్కు కట్టేశాక వెళ్లి, గాజు తలుపు ఇవతల నిలబడి, ఆ గుప్పెడు పిల్లని చూసుకుని వచ్చేది. ఎత్తుకోవాలని చేతులు ఎంత లాగేవో ఆవిడకే తెలుసు. ఇంటికొచ్చి తలగడ ఎత్తి బరువు చూసుకున్న రోజు కూడా ఉంది.

ఇంటికి పంపేటప్పుడు పిల్లల డాక్టరు ఒకటే మాట చెప్పింది. అంత చిన్న పిల్లకి ఆరు నెలల దాకా ఫ్లూ టీకా వెయ్యకూడదు. కాబట్టి ఈ చలి పోయేదాకా ఎత్తుకునేవాళ్లందరూ టీకా వేయించుకుని ఉండాలి. అది ఒంటికి పట్టడానికి రెండు వారాలు పడుతుంది, అవి గడిచాకే ముట్టుకోవాలి.

గురువారం నాడు కూతురు ఫోను చేసింది.

“అమ్మా, అందరికీ ఆగమని చెప్పేశాం. మా అత్తగారు మొన్న మంగళవారమే వేయించుకున్నారు. ఇంకా ఆగాలనేసరికి మొహం ఇంత చేసుకున్నారు. నీకా గొడవే లేదు. నువ్వు ఏటా ముందే వేయించుకుంటావుగా. ఆదివారం వచ్చెయ్. మా ఇద్దరి తర్వాత దాన్ని ఎత్తుకునేది నువ్వే.”

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి అదను ఉండదు. టోకెనమ్మ “అలాగేనమ్మా, వస్తాను” అంది.

మూడు రోజులూ ఆవిడలో ఆవిడే వాదించుకుంది. ఒంట్లో బాగానే ఉంది కదా, తుమ్ము కూడా లేదు కదా. ఐదు నిమిషాలు ఎత్తుకుంటే ఏమవుతుంది? నిజమే, ఏమీ కాకపోవచ్చు. కానీ ఏమైనా అయితే ఏమవుతుందో ఆ కౌంటరు వెనక కూర్చుని ఆవిడ చూసినంతగా ఎవరూ చూసి ఉండరు. ఆదివారం బస్సు దిగి కూతురి ఇంటి మెట్లెక్కుతున్నంతసేపూ ఆ వాదన తెగనే లేదు.

అల్లుడు తలుపు తీశాడు. లోపల గదిలో అందరికీ దూరంగా, కిటికీ పక్క కుర్చీలో, మాస్కు పెట్టుకుని వియ్యపురాలు కూర్చుని ఉంది.

“రండి వదినగారూ. మీకేమమ్మా, డాక్టరు దగ్గర ఉద్యోగం. దర్జాగా వచ్చి ఎత్తేసుకుంటారు. నేనింకా తొమ్మిది రోజులు ఈ కుర్చీకి కాపలా కాయాలి” అంది.

టోకెనమ్మ నవ్వబోయింది గానీ నవ్వు సగంలో ఆగిపోయింది. చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. సబ్బు రాసింది, కడిగింది, మళ్లీ రాసింది. ఎంతసేపు కడిగిందంటే కూతురే పిల్లని తీసుకుని స్నానాలగది గుమ్మం దాకా వచ్చింది.

“చాలమ్మా, చర్మం ఊడొస్తుంది. ఇదుగో, పట్టుకో.”

పిల్ల నిద్రపోతోంది. నోరు మాత్రం కలలో పాలు తాగుతున్నట్టు కదులుతోంది. టోకెనమ్మ చేతులు వాటంతటవే లేచాయి. ఇంకో జానెడు దూరం. ఆవిడ చేతులు రెండూ వెనక్కి లాక్కుని కట్టుకుంది.

“వద్దు. నాకివ్వకు.”

“ఏమైంది?”

“నేను వేయించుకోలేదు.”

పిల్ల నిద్రపోతోంది కాబట్టి ఆ తర్వాత జరిగిన పోట్లాటంతా గుసగుసల్లోనే జరిగింది. గుసగుసగా పోట్లాడటం ఎంత కష్టమో అనుభవిస్తే గానీ తెలీదు. మెడ నరాలు ఉబ్బుతాయి గానీ గొంతు పైకి రాకూడదు.

“వేయించుకోలేదా? మరి ప్రతి ఏడూ వేయించుకున్నానని చెప్తావు?”

“ప్రతి ఏడూ వేయించుకోలేదు.”

“ఎన్నేళ్లు?”

“పదకొండు.”

“అడిగినవాళ్లకి ఇచ్చేసి ఉంటావు. ఈ ఏడు ఎవరికిచ్చావు?”

“ఫోటో స్టూడియో ఆయనకి.”

“ఎవరాయన?”

“ఎవరో.”

“ఎవరో!” కూతురు కళ్లు మూసుకుని తెరిచింది. “అమ్మా, నాకు ఏడేళ్లప్పుడు జ్వరంతో మీ క్లినిక్కు బెంచీ మీద పడుకున్నాను, గుర్తుందా? నా టోకెను పన్నెండు. ఎవరో తాతగారు వచ్చారని ఇరవై చేశావు. ఇంకెవరో వచ్చారని ఇరవై తొమ్మిది. చివరికి నన్ను లోపలికి పిలిచింది ముప్పై ఎనిమిదో నెంబరుకి. బెంచీ మీద అందరూ వెళ్లిపోయారు, నేనొక్కదాన్నే ఉన్నాను.”

“నువ్వు నా పిల్లవి కదమ్మా, కాసేపు ఆగుతావని...”

“అదే. మనవాళ్లయితే ఆగుతారని నీకు ధీమా. నేను ఆగాను. కానీ ఇది ఆగలేదమ్మా. నెలన్నర ముందే వచ్చేసింది.”

అని పిల్లని గుండెలకి అదుముకుని లోపలికి వెళ్లిపోయింది. అల్లుడు టీ ఇచ్చాడు. వియ్యపురాలు మొదటిసారి ఏమీ అనకుండా మాస్కు సర్దుకుంది. దెప్పి ఉంటే బావుండుననిపించింది టోకెనమ్మకి. టీ సగం తాగి, ఎవరితోనూ చెప్పకుండా మెట్లు దిగింది. బస్సులో కిటికీ వైపు మొహం తిప్పుకుని ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే డాక్టరుగారి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన కళ్లజోడు తీశారంటే విషయం ముదిరిందని అర్థం.

“పదకొండు మంది పేర్లూ ఎక్కడా లేవా?”

“ఉన్నాయండీ” అని ఆవిడ సంచీలోంచి డైరీ తీసింది. వెనక పేజీల్లో వరసగా పదకొండు పేర్లు, తేదీలు, టీకా పెట్టె మీది బ్యాచి నెంబర్లు, ఫోను నెంబర్లు, ఏ చేతికి వేశారో అదీ.

ఆయన అన్నీ చదివారు. “దొంగపనిని ఇంత పద్ధతిగా చేసినవాళ్లని నేనెక్కడా చూడలేదమ్మా” అన్నారు.

“తప్పయిపోయిందండీ.”

“తప్పే. కానీ మీరింకా దీన్ని త్యాగం అనుకుంటున్నట్టున్నారు. రోజుకి అరవై మందికి మీ చేత్తో బిళ్ల ఇస్తారు మీరు. సగం మంది ముసలివాళ్లు. ఫ్లూ వస్తే జ్వరం తెలిసే ముందురోజు నుంచే ఇంకొకరికి అంటుకుంటుంది. ఆఖరి మనిషి దగ్గర మంచి అనిపించుకోవడానికి ఆ అరవై మందినీ ప్రమాదంలో పెట్టారు. ఈ లెక్క ఎప్పుడైనా వేశారా?”

వెయ్యలేదు. ఆవిడ తల వంచుకుంది. ఇరవై రెండేళ్లుగా తన మంచితనం మీద తనకున్న నమ్మకం ఆ గదిలో నేలకి దిగింది.

డాక్టరుగారు రిజిస్టరు సరిచేయించారు. ఇకనుంచి చీటీలు నర్సు ఎక్కిస్తుందన్నారు. టీకాల కంపెనీకి ఫోను చేసి, బతిమాలి, ఒకే ఒక్క డోసు గురువారానికి పంపేలా ఒప్పించారు. నర్సు మాత్రం “నేను వేశానని చెప్పావా అక్కా? నా పేరు చెప్పి?” అని మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు. మధ్యాహ్నం మాట్లాడింది గానీ, ఆ మాట్లాడినదాని కన్నా మాట్లాడకపోవడమే నయం.

గురువారం ఒంటిగంటకి, పొద్దుటి క్లినిక్కు ముగిసి నర్సు వెళ్లిపోయాక, ఐసు పెట్టె వచ్చింది. ఆవిడ మళ్లీ సాయంత్రం ఐదుకి గానీ రాదు. టోకెనమ్మ నాలుగున్నరకే వచ్చి క్లినిక్కు తెరిచి, బిళ్లలు సర్దుకుని కూర్చుంది. బెంచీ మీద అప్పటికే నలుగురైదుగురు చేరారు.

ఐదింటికి పది నిమిషాలుందనగా ఒకతను గబగబా లోపలికొచ్చాడు. దూరప్రయాణాల బస్సు డ్రైవరు, చొక్కా మీద కంపెనీ బ్యాడ్జి ఉంది. కౌంటరు మీద మోచేతులు ఆనించాడు.

“అమ్మా, ఫ్లూ సూది ఏమైనా మిగిలిందా? రేపు తెల్లారి బండెక్కితే మళ్లీ పది రోజులకి గానీ దిగను. బస్సునిండా దగ్గేవాళ్లే. కొంచెం చూడండమ్మా.”

ఈ మనిషికి నిజంగా అవసరమే. పది రోజులు దగ్గుల మధ్య. తనకేం, డాక్టరుగారు మళ్లీ బతిమాలితే ఇంకో వారానికి ఇంకోటి రాకపోదు. పిల్ల ఎక్కడికీ పోదుగా, ఆగుతుందిగా. ఆ ‘ఆగుతుందిగా’ దగ్గరికి వచ్చేసరికి ఆవిడకి ఒళ్లు ఝల్లుమంది. చూసుకుంటే చెయ్యి అప్పుడే చీటీల పుస్తకం మీద ఉంది. ఆ చేతిని రెండో చేత్తో తీసి ఒళ్లో పెట్టుకుంది.

“లేదండీ” అంది.

ఆ మాట కౌంటరు అద్దం దాటలేదు. డ్రైవరు “ఏంటమ్మా?” అని ముందుకి వంగాడు.

“లేదండీ!” అని అరిచినంత పని చేసింది. బెంచీ మీదివాళ్లు తలలు తిప్పారు. “ఒకటుంది. అది నాది.”

చెప్పేసి, ఏ పిడుగు పడుతుందోనని కళ్లు చికిలించుకుని కూర్చుంది.

“అలాగా. పోన్లెండి, ఇంకెక్కడ దొరుకుతుందో చెప్తారా?” అన్నాడతను.

వెనక వీధి క్లినిక్కుకి ఈ పొద్దున్నే కొత్తగా టీకాలు వచ్చాయని చెప్పి, నెంబరు రాసిచ్చింది. అతను కాగితం జేబులో పెట్టుకుని, “మంచిదమ్మా, వస్తాను” అని నవ్వుతూ వెళ్లిపోయాడు. కోపం లేదు, శాపనార్థాలు లేవు. మెట్లు దిగుతూ ఏదో పాట కూడా అందుకున్నాడు. టోకెనమ్మ నోరు తెరుచుకుని అతను వెళ్లినవైపే చూసింది. ఇంతేనా? ఈ ఒక్క మాటకా తను ఇన్నేళ్లూ భయపడింది? దీనికోసమా జ్వరంతో ఉన్న పిల్లని ముప్పై ఎనిమిదో నెంబరు దాకా ఆపింది? సంతోషించాల్సిన సమయంలో ఆవిడకి ఏడుపు ముంచుకొచ్చింది.

ఐదింటికి నర్సు వచ్చింది. టోకెనమ్మ జాకెట్టు చెయ్యి పైకి మడిచి కూర్చుంది. సూది దిగడం చీమ కుట్టినట్టయినా లేదు. నర్సు చీటీ రాసి, రిజిస్టరులో ఎక్కించి, టోకెనమ్మ చేత సంతకం కూడా పెట్టించింది. “ఎందుకైనా మంచిది” అంది మూతి బిగించుకుని.

టోకెనమ్మ కూతురికి ఫోను చేసింది.

“వేయించుకున్నానమ్మా.”

“నర్సుకివ్వు ఫోను” అంది కూతురు.

ఆ మాట సూది కన్నా లోతుగా దిగింది. కానీ అడిగే హక్కు ఆ పిల్లకుంది. టోకెనమ్మ కిక్కురుమనకుండా ఫోను నర్సు చేతికిచ్చింది. నర్సు “అవును, నా చేత్తో నేనే వేశాను. ఎడమ చెయ్యి” అని చెప్పి, కాస్త ఆగి, “ఇంకోటి కూడా విను. ఎవరో డ్రైవరు వచ్చి అడిగితే లేదందట. బెంచీ మీద అందరూ చెప్తున్నారు” అని ఫోను వెనక్కిచ్చింది.

“నిజమేనా అమ్మా?” కూతురి గొంతు మారింది.

“నిజమే.”

“ఏమన్నావు?”

“లేదన్నాను. అది నాది అన్నాను.”

అవతల ముక్కు ఎగబీల్చిన శబ్దం వినిపించింది.

“సరే. ఇక్కణ్ణుంచి పధ్నాలుగు రోజులు. మా అత్తగారికి ఐదు రోజుల్లో అయిపోతుంది. ఇంకో తొమ్మిది రోజులు ఆగమని ఆవిణ్ణి నేను బతిమాలుకుంటాను. మా ఇద్దరి తర్వాత దాన్ని ఎత్తుకునేది నువ్వే.”

ఇది న్యాయమా అంటే, కానే కాదు. టోకెనమ్మకి ఆ కిటికీ పక్క కుర్చీ, మాస్కు, ఆ మాస్కు పైన వియ్యపురాలి కళ్లు అన్నీ ఒక్కసారి కనిపించాయి. ‘అయ్యో, వద్దమ్మా, ఆవిడ వంతే ముందు, నేను ఆగుతాలే’ అన్న మాట, ఇరవై రెండేళ్ల అలవాటు కొద్దీ, నాలిక చివరికి వచ్చేసింది. కానీ ఆవిడకి ఆ పిల్ల కావాలి. అందరికన్నా ముందు కావాలి. ఇంత గట్టిగా ఏదైనా కావాలని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు.

“సరే” అంది.